‘తప్పిపోయి దొరకెను’: నడిచొచ్చినవాణ్ణి దొరికాడనొచ్చా?

ప్రశ్న: లూకా సువార్త 15వ అధ్యాయంలో తన వాటా ఆస్తి తీసుకుపోయి దూరదేశంలో తగలేసి, చివరికి పందులు మేపిన చిన్నకొడుకు ఇంటికి రాగానే తండ్రి ‘తప్పిపోయి దొరకెను’ అంటాడు. మా ఇచ్ఛాపురం వైపు వలసపోయిన కుర్రాడు ఇంటికొస్తే ‘వచ్చేసినాడు’ అంటాం గానీ ‘దొరికినాడు’ అనం. వాడు తన కాళ్లతో తానే నడిచొచ్చాడు కదా. అనువాదంలో ఏమైనా తేడా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: అనువాదం సరిగ్గానే ఉందండీ. సువార్త మూలభాష గ్రీకులోనూ అక్కడున్నది దొరకడమనే క్రియే. మన ఉత్తరాంధ్రకి ఈ సువార్తతో పాత చుట్టరికం ఉంది. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయిన తొలి తెలుగు సువార్తల్లో లూకా ఒకటి. ఆ పని విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్, ఆయనకి సాయం చేసిన ఆనందరాయర్ల చేతుల మీద సాగింది. ఇప్పుడు మనం చదివేది ఆ తర్వాతి అనువాదం.

మీ అనుమానం చాలా మంచిది. ఎందుకంటే ఆ కథలో అందరూ మీలాగే మాట్లాడతారు, తండ్రి తప్ప. పొలం నుంచి వస్తున్న పెద్దకొడుక్కి వాద్యాల చప్పుడు వినబడుతుంది. ఏమిటని అడిగితే దాసుడు ‘నీ తమ్ముడు వచ్చియున్నాడు’ అంటాడు. పెద్దకొడుకు కోపంతో ‘ఈ నీ కుమారుడు రాగానే’ అంటాడు. చిన్నవాడు కూడా పందుల దగ్గర కూర్చుని ‘నేను లేచి నా తండ్రియొద్దకు వెళ్లి’ అనే అనుకున్నాడు. రావడం, వెళ్లడం, ఇవే వాళ్ల మాటలు. ‘దొరకెను’ అన్నది తండ్రి ఒక్కడే. పనివాళ్లతో ఒకసారి, పెద్దకొడుకుతో మరోసారి.

మా విజయనగరంలో సిరిమానోత్సవం నాడు జనంలో పిల్లాడు చెయ్యి వదిలేస్తే మైకులో చెబుతారు కదా. వాడు ఏడుస్తూ తానే నడుచుకుంటూ తల్లి దగ్గరికి వచ్చినా సరే, ఆవిడ నోట ‘వచ్చాడు’ రాదు. ‘దొరికాడు, నా బాబు దొరికాడు’ అనే అంటుంది. పోగొట్టుకున్నవాళ్లకే ఆ మాట వస్తుంది.

మరి తండ్రి వెతికినట్టు కథలో లేదు కదా అనొచ్చు. నిజమే, ఆయన ఊళ్లు తిరగలేదు. కానీ యేసు ఆ కథకి ముందు వరసగా మరో రెండు చెప్పాడు. నూరింటిలో ఒక గొర్రె తప్పిపోతే కాపరి దాని వెంట వెళ్తాడు. పదింటిలో ఒక నాణెం పోతే ఒకావిడ దీపం వెలిగించి ఇల్లంతా ఊడుస్తుంది. మూడు కథల్లోనూ దొరకడం ఉంది, వెంటనే సంతోషం ఉంది. ఇక ఈ తండ్రి? ‘వాడింక దూరముగా ఉన్నప్పుడు’ చూశాడని రాసి ఉంది. కళ్లు దారి మీదే ఉన్నవాడికే అది సాధ్యం. నాకైతే అధ్యాయం మొత్తంలో ఈ మాట దగ్గరే గుండె ఆగుతుంది. మారుమనస్సు పొందినవాణ్ణి దేవుడు ఎలా చూస్తాడో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నేను చదవలేదు. తప్పు చేసి వచ్చాడని కాదు, పోయినవాడు దొరికాడని!

ఇంకొకటి చూడండి. పెద్దకొడుకు ‘నీ కుమారుడు’ అంటాడు, తమ్ముడనడానికి నోరు రాదు. తండ్రి కోప్పడకుండా ఆ చుట్టరికాన్నే అతనికి తిరిగిస్తాడు: ‘ఈ నీ తమ్ముడు’. అసలు ఈ కథలు పుట్టిందే యేసు పాపుల్ని చేర్చుకుని వాళ్లతో భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు అనే యూదుల మతపెద్దలు సణిగినందుకు. ఆ ‘నీ తమ్ముడు’ వాళ్లకే తగలాలి.

వ్యాఖ్య: బాగుంది మాస్టారూ. కానీ పోలీసులు కూడా ‘దొంగ దొరికాడు’ అంటారు కదా. ఆస్తి తినేసి వచ్చినవాడికి ఆ అర్థమే సరిపోతుందేమో?

జవాబు: మాట ఒకటేనండీ, దొరికాక ఏం జరిగిందో చూస్తే అర్థం తేలిపోతుంది. ఇక్కడ విచారణ లేదు, డబ్బు లెక్క అడగలేదు. ప్రశస్త వస్త్రం, చేతికి ఉంగరం, కాళ్లకి చెప్పులు, క్రొవ్విన దూడ. పైగా ‘త్వరగా’ అన్నాడు. పరుగెత్తి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నది కూడా కొడుకు నోరు విప్పకముందే. 19వ వచనాన్నీ 21వ వచనాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. బయల్దేరే ముందు అనుకున్న మాటల్లో చివరిది ‘నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము’. ఇంటికొచ్చాక మిగతావన్నీ చెప్పాడు, అది మాత్రం చెప్పలేదు. చెప్పనివ్వలేదనే నేను చదువుకుంటాను. అప్పటికే తండ్రి వస్త్రం తెమ్మని పనివాళ్లకి కేక వేస్తున్నాడు.