మే నెల మంచులో హమ్మింగ్‌బర్డ్‌లు రాత్రంతా ఎలా బతుకుతాయి? (కొలరాడో)

కొండవాలు:
నమస్తే అందరికీ. మేం డెన్వర్‌కి పడమర వైపు కొండల్లో ఉంటాం, ఎనిమిది వేల అడుగుల పైనే. ఏప్రిల్ ఆఖర్నించి బ్రాడ్‌టెయిల్డ్ హమ్మింగ్‌బర్డ్‌లు ఫీడర్ (పంచదార నీళ్లు పోసి వేలాడదీసే డబ్బా) దగ్గరికి వస్తున్నయి, వీపు ఆకుపచ్చ, మగదానికి గొంతు కింద గులాబీ ఎరుపు, అది ఎగిరితే సన్నగా ఈల లాంటి సౌండ్ కూడా వస్తది. మే సగం అయిపోయినా నిన్న రాత్రి మళ్లీ మంచు పడ్డది. అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, "గింత పిట్ట ఈ సలికి రాత్రంతా ఎట్లుంటదిరా" అని పండుకునే దాకా అదే అడిగింది. పొద్దున చూస్తే స్ప్రూస్ చెట్టు కొమ్మ మీద ఒకటి ఈకలన్నీ ఉబ్బించుకొని, ముక్కు పైకెత్తి, నేను చెయ్యి చాపితే అందేంత దగ్గరికి పోయినా కదల్లేదు. లోపలికి తెచ్చి వెచ్చగా పెడదామా అనుకుంటుండగనే సన్నగా వణకడం మొదలుపెట్టి, కాసేపటికి కళ్లు తెరిచి ఎగిరిపోయింది. అసలు దానికేమైంది? ఇంకోటి, పంచదార బదులు బెల్లం నీళ్లు పోస్తే బలం అంటోంది అమ్మ, పోయొచ్చా?

చిట్టడవి:
ముట్టుకోకుండా వదిలేశారు, మంచి పని చేశారండి. దాన్ని టార్పర్ అంటారు. ఈ పిట్ట మొత్తం బరువు మూడున్నర గ్రాములు అటూ ఇటూ, ఒంట్లో వేడి పగలు 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఎగిరేటప్పుడు గుండె నిమిషానికి వెయ్యి సార్లు పైనే కొట్టుకుంటుంది. అంత చిన్న ఒంట్లో వేడి నిలవదు, రాత్రి తిండి దొరకదు, ఇక ఆ 40 డిగ్రీలు తెల్లార్లూ కాపాడుకోవాలంటే సాయంత్రం తాగిన పూల మకరందం, ఉన్న కాస్త కొవ్వు ఏ అర్ధరాత్రికో అయిపోయి చచ్చిపోద్ది. అందుకని మన పెద్దవాళ్లు రాత్రిళ్లు పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పి ఉంచేవాళ్లు కదా, అలాగే ఇది ఒంటి వేడిని 12 డిగ్రీల దాకా దించేసి, గుండె, ఊపిరి అన్నీ బాగా నెమ్మదించి, ఉన్న నిల్వతో తెల్లవారే దాకా నెట్టుకొస్తుంది. లేవాల్సిన టైంకి రెక్కల కండరాల్ని వణికించి వేడి పుట్టించుకుంటుంది, మీరు చూసిన వణుకు అదే. అలా లేవడానికి కూడా బోలెడు శక్తి ఖర్చవుద్ది, అందుకే ఆ టైంలో మనం కదిలించకూడదు.

ఇంకో తెలివి కూడా ఉంది దీనికి. రాత్రి చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, వాలు మీద కొంచెం పైకెళ్తే వెచ్చగా ఉంటుంది. మగ పిట్టలు పగలంతా కింద పచ్చిక దగ్గర తిరిగి, చీకటి పడే వేళకి వాలెక్కి పైన పడుకుంటాయి. ఆండీస్‌లో అయితే ఇంకా పైన బతికేవి ఉన్నాయి, పెరూలో బ్లాక్ మెటల్‌టెయిల్ అనే దాని ఒంటి వేడి టార్పర్‌లో 3.3 డిగ్రీల దాకా పడిపోవడం కొలిచారు, 2020లో ఆ పేపర్ వచ్చింది. గడ్డకట్టడానికి మూడు డిగ్రీల దూరం అంటే ఊహించండి!

గోదారిగట్టు:
బెల్లం అస్సలు వద్దండి, తేనె కూడా వద్దు. బెల్లంలో ఐరన్ ఉంటుంది, మనకి మంచిదే గానీ వీటి ఒంట్లో పేరుకుపోయి ప్రాణం మీదకి తెస్తుంది, తేనె నీళ్లలో కలిపితే తొందరగా పులిసి బూజు పడుద్ది. మామూలు తెల్ల పంచదార ఒక కప్పు, నీళ్లు నాలుగు కప్పులు, అంతే, ఎర్ర రంగు కలపక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి ఫీడర్ కడిగి నీళ్లు మార్చండి. బలం సంగతంటారా, అది పురుగుల్లోంచి వస్తుంది, చిన్న చిన్న దోమలు, సాలెపురుగులు కూడా తింటాయివి, కాబట్టి తోటలో పురుగుమందు కొట్టకండి. మీ వైపు ఎలుగుబంట్లు ఉంటాయి కదా, రాత్రి ఫీడర్ లోపల పెట్టి తెల్లారక ముందే మళ్లీ బయట పెట్టేయండి, టార్పర్ నుంచి లేచిన పిట్టకి మొదటి గుక్క చాలా ముఖ్యం.

కొండవాలు:
చాలా థాంక్స్, అమ్మకి మొత్తం చదివి వినిపించిన. ఆమె ఇంకో డౌట్ అడిగింది, మంచి డౌటే. ఆడది గుడ్ల మీద కూచున్నప్పుడు రాత్రి అట్ల చల్లబడిపోతే గుడ్లు పాడవ్వవా? మగది వంతు తీసుకోదా?

నల్లమల:
మగది గూటి వైపు కూడా రాదండి. గూడు కట్టడం, పొదగడం, పిల్లలకి మేత పెట్టడం అన్నీ ఆడదే ఒంటరిగా చూసుకుంటది. సాలీడు దారంతో, మొక్కల నూగుతో చిన్న గిన్నెలాగ కట్టి పైన లైకెన్ (చెట్ల బెరడు మీద పొరలాగ పెరిగేది) ముక్కలు అతికిస్తది, రెండే గుడ్లు, పొదగడానికి రెండున్నర వారాల దాకా పడతది. గుడ్ల మీద ఉన్నప్పుడు వీలైనంత వరకు టార్పర్‌లోకి పోదు, రాత్రంతా వేడి నిలబెట్టుకొని కూచుంటది. పగలు వాన పడో మంచు పడో సరిగా తినలేకపోయిన రోజు మాత్రం తప్పక పోతది, అయినా గుడ్లు పొదుగుతయి. విలియం కాల్డర్ అని ఒక సైంటిస్టు కొలరాడోలోనే గూళ్లలో దీన్ని కొలిచి 1973లో రాసిండు. ఇంకో సంగతి చెప్పాలె, గూడు ఎక్కడ కడతదో గమనించండి, దాదాపు ఎప్పుడూ పైన ఇంకో కొమ్మ అడ్డుగా ఉన్న చోటే. మబ్బు లేని రాత్రి ఒంటి వేడంతా నేరుగా ఆకాశంలోకి పోతది, పైన కొమ్మ ఉంటే ఆ నష్టం చాలా తగ్గుతది. ఆ తల్లికి ఎవరు నేర్పిన్రు ఇదంతా అనిపిస్తది నాకైతే.

మగదాని ఈల గురించి కూడా. అది గొంతులోంచి రాదు, రెక్క చివర ఉన్న రెండు ఈకల కొసలు సన్నగా ఉంటయి, గాలి వాటి మధ్య నుంచి పోతే ఆ సౌండ్. ఆడదాని రెక్క మోగదు. కొన్ని మగ పిట్టల రెక్కలకి జిగురు పూసి ఈల ఆపేసి చూసిన్రు, పాపం అవి తమ జాగా కాపాడుకోలేకపోయినయి.

చిట్టడవి:
నల్లమల గారు భలే చెప్పారు. నన్ను బాధ పెట్టే విషయం ఒకటి కలుపుతా. కొలరాడోలోనే గోథిక్ అనే చోట, 2900 మీటర్ల ఎత్తులో, రాకీ మౌంటెన్ బయలాజికల్ లాబొరేటరీ ఉంది, అక్కడ డేవిడ్ ఇనౌయే అనే సైంటిస్టు 1973 నుంచి ఏ పువ్వు ఏ రోజు పూసిందో ఏటా లెక్క రాస్తూ వచ్చారు. మంచు ముందే కరిగిపోతుండటంతో గ్లేసియర్ లిల్లీ లాంటి తొలి పూలు ముందే పూసేస్తున్నాయి, మెక్సికో నుంచి వచ్చే పిట్ట మాత్రం అంత తొందరగా రాలేకపోతోంది. పిట్ట వచ్చాక తొలి పువ్వు పూసే దాకా ఉండే గ్యాప్ నలభై ఏళ్లలో 13 రోజులు తగ్గిపోయిందని 2012లో తేల్చారు. ఇలాగే సాగి, వచ్చేసరికే పూలు వాడిపోతే ఆ చలి రాత్రులకి నిల్వ ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? అలాంటప్పుడు సాప్‌సకర్ అనే వడ్రంగిపిట్ట విల్లో చెట్లకి గంట్లు పెట్టి కార్చే రసం దీనికి కొంత ఆసరా. మీ స్థలంలో విల్లోలు ఉంటే కొట్టించకండి, వీలైతే డెల్ఫీనియం, పెన్‌స్టెమన్, స్కార్లెట్ గిలియా లాంటి ఆ కొండ మొక్కలే పెట్టండి.

కొండవాలు:
విల్లోలు ఉన్నయి, కాలువ పక్కన. తీసేద్దాం అనుకున్నం, ఇంక వాటిని ముట్టం. గిలియా విత్తనాలు దొరుకుతయేమో చూస్తా.

గోదారిగట్టు:
జూలై వచ్చేసరికి రూఫస్ హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తరం నుంచి తిరుగు ప్రయాణంలో మీ కొండల మీదుగా వస్తాయి, మగది ఇటుక రంగులో ఉంటుంది, మహా దురుసు, ఫీడర్ దగ్గరికి మీవాటిని రానివ్వదు. అప్పటికల్లా రెండో ఫీడర్ కొని ఇంటికి అవతలి పక్క, మొదటి దాని దగ్గర్నించి కనపడని చోట కట్టండి.