అసైలం కేసులో ఉన్న ఫ్రెండ్ రోజురోజుకీ కుంగిపోతున్నాడు, ఏం చేయాలి?

లీడ్స్ కుర్రోడు:
ఇక్కడ యూకేలో మాస్టర్స్ చేస్తున్నాను. వీకెండ్లలో ఫుడ్ బ్యాంక్‌లో సాయానికి వెళ్తుంటే ఉగాండా అతను ఒకడు పరిచయమై బాగా దగ్గరయ్యాడు. గే అని ఊళ్లో తెలిసిపోవడంతో పారిపోయి వచ్చి అసైలం, అంటే ఇక్కడే ఆశ్రయం ఇమ్మని అడిగాడు. వాళ్ల దేశంలో 2023లో తెచ్చిన చట్టంలో యావజ్జీవం ఉంది, కొన్ని కేసుల్లో మరణశిక్ష కూడా. ఇక్కడ హోటల్లో గది ఇచ్చారు, కానీ రూమ్మేట్ కూడా ఉగాండా వాడే. అందుకే ఫోన్ ఎప్పుడూ బోర్లా పెట్టి ఉంచుతాడు, పెళ్లెప్పుడని అడిగితే ఊళ్లో పిల్ల ఉందంటాడు. అసైలం ఇంటర్వ్యూ డేట్ ఇంకా రాలేదు. నిద్ర లేదు, తిండి లేదు, మొన్న “నేను ఉన్నా పోయినా ఒకటే” అన్నాడు. ఏమనాలో తెలీక మాట మార్చేశాను.

నైట్ డ్యూటీ అక్క:
తమ్ముడూ, నేను ఇక్కడ మెంటల్ హెల్త్ నర్సుని. ముందు ఆ మాట సంగతి చూడు. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, అలా ఏం జరగదు. ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నానంటే ఒంటరిగా వదలకు, అంబులెన్స్‌కి 999 చెయ్యి లేదా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు. అంత దూరం రాకపోతే సమారిటన్స్ అని మనసు బాలేనివాళ్ల మాట వినే హెల్ప్‌లైన్ ఉంది, 116 123, రాత్రీ పగలూ ఫ్రీ. తర్వాత జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ చేయించు. అడ్రస్ ప్రూఫ్, వీసా కాగితాలు లేకపోయినా వాళ్లు చేసుకోవాలి, రిసెప్షన్‌లో కాదంటే వాదించు. ఇంటర్‌ప్రెటర్ తన వాళ్లలోనే ఎవరో అయి ఉంటాడని భయపడితే ఇంగ్లిష్‌లోనే మాట్లాడతానని చెప్పమను.

పేరెందుకులే:
నేను బై (ఆడా మగా ఇద్దరూ నచ్చుతారు), తెలుగోణ్ణే. నాకు అసైలం అవసరం పడలేదు గానీ ఇలాంటి కేసులవాళ్లతో తిరుగుతుంటాను. 2010 వరకు ఇక్కడి అధికారులు “మీ దేశం వెళ్లి గుట్టుగా బతుకు, ఏం కాదు” అని తిప్పి పంపేసేవాళ్లు. ఇరాన్, కామెరూన్ నుంచి వచ్చిన ఇద్దరి కేసులో సుప్రీం కోర్టు అది చెల్లదంది. ఇప్పుడు గొడవంతా నమ్మకం దగ్గరే. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకుని ప్రాణం నిలబెట్టుకున్నవాడు, ముక్కూమొహం తెలియని అధికారి ముందు గంటలకొద్దీ అంతా తేదీలతో సహా చెప్పాలి. దెబ్బలు తిన్నవాళ్లకి తేదీలు తారుమారవుతాయి, అక్కడ అబద్ధమనుకుంటారు. అందుకే నిద్ర పట్టట్లేదని ఇప్పటినుంచే జీపీ రికార్డులో పడటం ఆరోగ్యానికే కాదు, కేసుకీ మంచిది. బై వాళ్ల పాట్లు ఇంకో రకం. నాకు తెలిసినాయన్ని “పెళ్లాం పిల్లలున్నారుగా” అని నిలదీశారు. సంబంధం చూశారు, తాళి కట్టాం అనే బతుకులు మన ఇళ్లలో ఎన్ని లేవు! రెయిన్‌బో మైగ్రేషన్ వాళ్లని కలవమను, ఇలాంటి కేసులే చూస్తారు. ఇంటర్వ్యూకి ఆడాఫీసర్ కావాలా మగాఫీసరా అన్నది ముందే అడగొచ్చు, లాయర్‌తో చెప్పించండి.

సైలెంట్ రీడర్:
వీసా కోసం గే అని చెప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు బ్రో, చూసుకో.

పేరెందుకులే:
ఉంటే ఉంటారు, అది తేల్చడానికి జీతాలు తీసుకునేవాళ్లున్నారు. ఈ కుర్రోడు అడిగింది ఫ్రెండ్‌ని ఎలా బతికించుకోవాలని.

లీడ్స్ కుర్రోడు:
థాంక్స్ అక్కా, అన్నా. అడిగాను. ఆలోచన వస్తుంది గానీ చేసుకోనన్నాడు, చాలాసేపు ఏడ్చాడు. సోమవారం జీపీ దగ్గరికి నేనూ వెళ్తున్నా. గది మార్చమని ఎవరిని అడగాలి?

నైట్ డ్యూటీ అక్క:
మంచి పని చేశావు. అసైలం అడిగినవాళ్లకి సాయం చేసే మైగ్రెంట్ హెల్ప్ సంస్థకి అతని చేతే ఫోన్ చేయించు, పక్కన నువ్వుండు. జీపీ ఉత్తరం ఇస్తే అదీ జత చేయండి. హోటల్ రిసెప్షన్‌లో మాత్రం కారణం చెప్పొద్దు, అక్కడ గోడలకి చెవులుంటాయి. మైక్రో రెయిన్‌బో అని ఇలాంటివాళ్లకే ఇళ్లు నడిపే సంస్థ ఉంది, ఖాళీ ఉందేమో అది కూడా కనుక్కోండి.