‘ర్యాన్ బ్యాక్ డౌన్ ఇన్‌టు’: ఇన్ని చిన్న మాటలు వరసగా వస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (కొత్త అనువాదకురాలు)

ఒక ఇంగ్లీష్ కథను తెలుగు చేస్తున్నాను. ‘హి ర్యాన్ బ్యాక్ డౌన్ ఇన్‌టు ది సెల్లార్’ అనే వాక్యం దగ్గర ఆగిపోయాను. అర్థం కాక కాదు, మళ్లీ నేలమాళిగలోకి పరుగెత్తాడని తెలుస్తూనే ఉంది. కానీ బ్యాక్, డౌన్, ఇన్‌టు మూడూ ఒకదాని వెనక ఒకటి ఎందుకొచ్చాయి, ఏది ప్రిపోజిషన్, ఏది యాడ్వర్బ్, వరస మారిస్తే తప్పా? గ్రామర్ పుస్తకాల్లో గో అప్, గో ఆఫ్, గో ఓవర్, గో త్రూ అంటూ పేజీలకు పేజీలు జాబితాలిచ్చి బట్టీ పట్టమంటారు, పట్టినా కొత్త కథ తెరిచేసరికి అందులో లేని జంట ఇంకోటి ఎదురవుతుంది. ‘రన్ అప్ ది హిల్’ అంటే కొండ ఎక్కడమట, ‘రన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచుకోవడమట. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి కదా! దీనికో పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు (ఇంగ్లీష్ టీచర్)

ముందు మీ వాక్యం సంగతి చూద్దామండి. ఆ చిన్న మాట తన వెనక ఒక నామవాచకాన్ని పట్టుకుందా లేదా అన్నది చూడండి, అంతే. ఇన్‌టు ‘ది సెల్లార్’ని పట్టుకుంది కాబట్టి ప్రిపోజిషన్. బ్యాక్, డౌన్ ఇక్కడ దేన్నీ పట్టుకోలేదు, ఒంటరిగా నిలబడ్డాయి, కాబట్టి యాడ్వర్బ్‌లు. అదే డౌన్ ‘ర్యాన్ డౌన్ ది స్టెయిర్స్’లో మెట్లను పట్టుకుంది కనుక అక్కడ ప్రిపోజిషన్ అయిపోతుంది. అంటే మాటకు పుట్టుకతో వచ్చిన ముద్ర ఏమీ లేదు, ఆ వాక్యంలో అది చేస్తున్న పనిని బట్టే పేరు. కొన్ని మాత్రం ఒక పక్కకే ఉంటాయి. ఇన్‌టు, ఫ్రమ్, ఎట్ ఒంటరిగా నిలబడలేవు, ‘కమ్ ఇన్’ అనగలం కానీ ‘కమ్ ఇన్‌టు’ అని వాక్యం ఆపలేం. బ్యాక్, అవే ఇందుకు సరిగ్గా తలకిందులు.

నిజానికి ఈ విభజన అవసరమా అని అడిగినవాళ్లూ ఉన్నారు. హడిల్‌స్టన్, పులమ్ 2002లో తెచ్చిన పెద్ద ఇంగ్లీష్ వ్యాకరణంలో ఒంటరి డౌన్‌ని కూడా ప్రిపోజిషన్ కిందే లెక్కేశారు, కర్మ ఉన్నా లేకపోయినా క్రియను క్రియ అంటున్నాం కదా, దీనికి మాత్రం పేరు ఎందుకు మార్చాలి అని వాళ్ల వాదన. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది, కానీ పరీక్షలు రాసేవాళ్లు పాత పేర్లతోనే నడవాలి.

వరస గురించి: సాధారణంగా బ్యాక్ ముందు, దిక్కు చెప్పే అప్, డౌన్, అవుట్ తరవాత, నామవాచకాన్ని పట్టుకున్న ముక్క చివర. ‘కేమ్ బ్యాక్ అప్ ఫ్రమ్ ది బేస్‌మెంట్’, ‘వెంట్ బ్యాక్ అవుట్ ఇన్‌టు ది రెయిన్’ ఇలా. మీ వాక్యంలో డౌన్‌ని తీసుకెళ్లి ఇన్‌టు తరవాత పెడితే అది ఇంగ్లీషే కాదు.

జవాబు (అనువాదాలు చేసే మనిషి)

టీచర్ గారు చెప్పింది వ్యాకరణం, నేను తెలుగులోకి తేవడం గురించి చెప్తాను, ఎందుకంటే మీ అసలు కష్టం అక్కడుందని నా అనుమానం.

ఇంగ్లీష్ వాక్యంలో క్రియ ఎలా కదిలాడో చెప్తుంది, పక్కనున్న చిన్న మాటలు ఎటు కదిలాడో చెప్తాయి. మన దగ్గర ఎటు అన్నది క్రియే చెప్పేస్తుంది: ఎక్కాడు, దిగాడు, దాటాడు, వచ్చాడు, వెళ్లాడు. ఎలా అన్నది పరుగెత్తుకుంటూ, కుంటుతూ, పాకుతూ అని పక్కన చేరుతుంది. లెనర్డ్ టాల్మీ అనే భాషా శాస్త్రవేత్త 1985 నాటి వ్యాసంలోనూ ఆ తరవాతి రచనల్లోనూ ఈ తేడాను బట్టే భాషలను జాతులుగా విడదీశాడు. జర్మన్, రష్యన్ ఇంగ్లీష్ వైపు, స్పానిష్, ఫ్రెంచ్ ఇంకో వైపు. మన వాక్యాలు గమనిస్తే తెలుగు చాలావరకు స్పానిష్ ఉన్న వైపే కనిపిస్తుంది. కాబట్టి క్రియను క్రియగా, చిన్న మాటను చిన్న మాటగా తేవాలని చూస్తే వాక్యం మొరాయిస్తుంది, రెంటి చోట్లూ తారుమారు చేయాలి. మీ వాక్యాన్ని నేనైతే ‘మళ్లీ మెట్లు దిగి నేలమాళిగలోకి పరుగెత్తాడు’ అంటాను. డౌన్ ‘దిగి’ అయింది, ఇన్‌టు ‘లోకి’ అయింది, బ్యాక్ ‘మళ్లీ’ అయింది.

ఇంకో రెండు విషయాలు. ‘షి వాక్డ్ ఇన్‌టు ది రూమ్’ని ‘ఆమె నడుచుకుంటూ గదిలోకి వచ్చింది’ అని రాస్తే, నడవడంలో ఏదో విశేషం ఉందని, బహుశా ఇన్నాళ్లూ మంచం మీద ఉందేమోనని తెలుగు పాఠకుడు అనుకుంటాడు. ఇంగ్లీష్‌లో క్రియ స్థానం ఖాళీగా ఉంచలేరు కాబట్టి వాక్ అక్కడ ఊరికే వచ్చి కూర్చుంటుంది, మనం ‘గదిలోకి వచ్చింది’ అంటే సరిపోతుంది. స్టాగర్ లాంటివి మాత్రం వదలకూడదు, ‘తూలుకుంటూ బయటికొచ్చాడు’ అనాల్సిందే. ‘ది చిల్డ్రన్ పోర్డ్ అవుట్’ అని ఉంటే పోయడం గురించి ఆలోచించకుండా ‘పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు’ అనేయండి. ఈ బిలబిల, దడదడ, గబగబ మన దగ్గర చాలా పెద్ద సంపద, అనువాదాల్లో ఎందుకో అందరూ పొదుపుగా వాడతారు.

రెండోది ఇంకా ముఖ్యం. ‘హి ర్యాన్ అవుట్’ అన్నప్పుడు ఆ కథ చెప్పే మనిషి గదిలో ఉన్నాడో బయట ఉన్నాడో ఇంగ్లీష్ చెప్పదు. ‘పరుగెత్తుకుంటూ బయటికి’ దాకా రాసి ఆగి, వచ్చాడా, వెళ్లాడా అని మీరే తేల్చుకోవాలి. అక్కడ తేల్చకుండా రాసిన అనువాదం ఒక పేజీలో గది లోపల, మరుసటి పేజీలో వీధిలో నిలబడి చెప్తున్నట్టు ఉంటుంది.

జవాబు (మరో సభ్యుడు)

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ ‘ఎటు’ చెప్పే మాట అన్న సూత్రం అన్నిచోట్లా పనిచేయదండి. అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది, లైట్లు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయాయి. ఇక్కడ దిక్కు ఏముంది? ఇలాంటివి విడిగా నేర్చుకోక తప్పదు.

కొండ, బిల్లు తేడా పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నామవాచకం తీసేసి ‘ఇట్’ పెట్టండి. కొండకైతే ‘ర్యాన్ అప్ ఇట్’, బిల్లుకైతే ‘ర్యాన్ ఇట్ అప్’. ఇట్ మధ్యలో దూరితే ఆ అప్ క్రియతో కలిసిపోయిందని, చివర ఉంటే నామవాచకంతో జట్టు కట్టిందని అర్థం. ‘అప్ ది హిల్ హి ర్యాన్’ అని ముందుకు లాగొచ్చు, బిల్లుని అలా లాగలేం. ‘రన్ ఓవర్’ కూడా ఇంతే: వంతెన మీదుగా పరుగెత్తితే ‘ర్యాన్ ఓవర్ ఇట్’, బండి కుక్క మీద నుంచి పోతే ‘ర్యాన్ ఇట్ ఓవర్’.

ఇంకొకటి, మనవాళ్లు తరచూ రాసే ‘రిటర్న్ బ్యాక్’, ‘ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్’, ‘డిసెండ్ డౌన్’. ఎంటర్, రిటర్న్, డిసెండ్ 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన తరవాతి కాలంలో ఫ్రెంచ్ నుంచి ఇంగ్లీష్‌లో చేరినవి. మన ఎక్కు, దిగు లాగా వీటి కడుపులోనే దిక్కు ఉంది, పక్కన మళ్లీ చిన్న మాట అక్కర్లేదు. ఒప్పందంలోకి దిగడానికి మాత్రం ‘ఎంటర్ ఇన్‌టు’ సరైనదే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి, ముఖ్యంగా ‘ఇట్’ పరీక్షకి. వచ్చాడా వెళ్లాడా అన్నది చదివాక ఇప్పటిదాకా చేసిన పేజీలన్నీ మళ్లీ చూస్తున్నాను. అదే కథలో ఇంకో వాక్యం: ‘ది క్యాట్ ర్యాన్ అండర్ ది టేబుల్’. బల్ల కిందా, బల్ల కిందికా?

జవాబు (అనువాదాలు చేసే మనిషి)

ఆ ఒక్క వాక్యంతో రెండే కాదు, మూడు అర్థాలు తీయొచ్చు. బల్ల కిందే అటూ ఇటూ పరుగెత్తింది, బయటి నుంచి బల్ల కిందికి పోయింది, బల్ల కింద నుంచి దూసుకుని అవతలికి పోయింది. ఇంగ్లీష్‌లో ఇన్, ఇన్‌టు అని లో, లోకి లాగా రెండున్నాయి కానీ అండర్‌కి అలాంటి జంట వాడుకలో లేదు, బిహైండ్‌కీ లేదు, సందర్భాన్ని బట్టి పాఠకుడే గ్రహిస్తాడు. మనకు కింద, కిందికి, కింద నుంచి వేరువేరు కాబట్టి ఒకటి ఎంచుకోక తప్పదు. తరవాతి వాక్యం ఏమిటో చూడండి. పిల్లి ఎంత పిలిచినా బయటికి రాలేదని ఉంటే, ‘బల్ల కిందికి దూరింది’ అని రాసేయండి, రన్ ఊసే అక్కర్లేదు.