మేడ మీద ఎనిమిదడుగుల జాలీ డిష్: బాగుచేసుకోవాలా, పాత ఇనప కొట్టుకు వేసేయాలా?

సత్యనారాయణపురం మేడ:
అందరికీ నమస్కారం. విషయం చిన్నదే గానీ మా ఇంట్లో నెల రోజులుగా ఇదే గొడవ. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది కదా, ఆ మరుసటి ఏడాది మా నాన్నగారు మేడ మీద ఎనిమిదడుగుల జాలీ డిష్ పెట్టించారు. మా వీధిలో అదే మొదటిది. ఆదివారం వస్తే మా గుమ్మం ముందు చెప్పులు కుప్ప పడేవి. నాన్నగారు పోయి మూడేళ్లయింది. డిష్ మాత్రం అలాగే ఉంది. పన్నెండు ముక్కలు బోల్టులతో బిగించిన జాలీ, డిష్‌ను తిప్పాల్సింది పోయి కదలని యాక్చుయేటర్, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బి పక్కన కందిరీగల గూడు. మా తమ్ముడు ‘ఇనప కొట్టుకు వేసేద్దాం, ఆ చోట సోలార్ పలకలు పెట్టుకుందాం’ అంటాడు. నాకేమో ఆదివారాలు కూర్చుని నా చేత్తో బాగుచేసుకోవాలని ఉంది. స్టాండు కొత్తగా చేయడానికి ఆటోనగర్‌లో వెల్డరు ఆరు వేలు అడిగాడు. దండగ ఖర్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

పటమట లెక్కల మాస్టారు:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. దండగే.

ముందు, దాంతో ఏం చూస్తారు? సి-బ్యాండ్‌లో, అంటే ఈ పెద్ద డిష్‌లు పట్టే ఫ్రీక్వెన్సీల్లో వచ్చే పే ఛానళ్లన్నీ తాళం వేసి కేబుల్ వాళ్ల కోసం పంపేవి. డీడీ ఫ్రీ డిష్ ఉంది కదా అంటారేమో. అది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పు నుంచి కెయు-బ్యాండ్‌లో, అంటే ఇంకా పై ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది. దానికి రెండడుగుల చిన్న డిష్ చాలు. సప్తగిరి అందులోనే వస్తుంది. ఎనిమిదడుగుల జాలీ ఎందుకు?

రెండోది 5జి. మన దేశంలో 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. దానికిచ్చిన బ్యాండ్లలో ఒకటి 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. పాత సి-బ్యాండ్ ఎల్‌ఎన్‌బిలు 3400 నుంచి 4200 దాకా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. వీధి చివర టవరుంటే స్ట్రెంగ్త్ నిండుగా చూపిస్తుంది, క్వాలిటీ సున్నా.

మూడోది అసలైంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే ఎనిమిదడుగుల రేకు డిష్ మీద పడే తోపు 250 కిలోల బరువు దాటుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మీ మేడ మీద ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆ డిష్ లేస్తే పడేది పక్కింటి మీద. జ్ఞాపకం మీది, తలకాయ వాళ్లది.

గవర్నర్‌పేట ఇల్లాలు:
మాస్టారు చెప్పినదానికి నాదొకటి కలుపుకోండి. మా ఆయన దగ్గర నాలుగు డిష్‌లున్నాయి. వాటి మీద వాలే పావురాల లెక్క ఎవరూ వేయరు. వేసవిలో వడియాలు ఆరబెట్టడానికి నాకు మేడ మీద చోటుండదు. బాగుచేసుకోండి, వద్దనను. కానీ ‘ఈ ఆదివారం అయిపోతుంది’ అని మాత్రం ఇంట్లో చెప్పకండి. మా ఇంట్లో ఆ ఆదివారం 2019 నుంచి నడుస్తోంది.

కొత్తపేట కంట్రోల్‌రూమ్ (గుంటూరు):
పద్దెనిమిదేళ్లు కేబుల్ కంట్రోల్‌రూమ్ నడిపినవాణ్ణి కాబట్టి నా మాట కూడా వినండి. మాస్టారూ, మీ గాలి లెక్క రేకు డిష్‌ది. జాలీలోంచి గాలి కొంత పోతుంది. పోతుంది కదా అని నిశ్చింతగా ఉండమనను. గాలి ఎక్కువయ్యేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది. ఇంకో సంగతి, విజయవాడ నుంచి చూస్తే 83 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం ఆకాశంలో 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది, దాదాపు నడినెత్తి మీద. అంటే మన దగ్గర డిష్ నిలబడి ఉండదు, వెల్లకిలా పడుకుని ఉంటుంది. గాలి ఎదురుగా కొట్టదు, కిందికి దూరి పైకెత్తుతుంది. స్టాండు కాళ్లు శ్లాబులోకి దిగాయా, ఇసుక బస్తాల మీద ఆగాయా అన్నది అందుకే ముందు చూడాలి.

వెల్లకిలా ఉండటం వల్ల ఇంకో తంటా. రేకు డిష్ అయితే ఆ కోణంలో కింది అంచు దగ్గర వాననీళ్లు నిలుస్తాయి. మన ఊళ్లల్లో పాత రేకు డిష్‌లన్నీ అక్కడే తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. మీది జాలీ కాబట్టి ఆ బాధ లేదు. అదృష్టవంతులు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తమ్ముడూ, బాగుచేయాలా వద్దా అని మమ్మల్నడగడం కాదు, డిష్‌నే అడగాలి. రెండు దారాలు తీసుకో. అంచు నుంచి ఎదుటి అంచుకు ఒకటి, దానికి అడ్డంగా ఇంకొకటి, కూడిక గుర్తులా బిగించి కట్టు. మధ్యలో పై దారం కింది దారాన్ని తాకీ తాకనట్టుండాలి. ఎడం ఉంటే డిష్ మెలి తిరిగినట్టు. మరీ ఒరుసుకుంటుంటే రెంటినీ కింద మీద మార్చి కట్టి చూడు. సి-బ్యాండ్‌లో తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. అర సెంటీమీటరు మెలికను ఓర్చుకుంటుంది. కెయు-బ్యాండ్‌లో రెండున్నరే, అక్కడ అది కుదరదు. ముక్కల డిష్ వంకర చాలాసార్లు బోల్టుల్లోనే ఉంటుంది, జాలీలో కాదు. అన్నీ కాస్త వదులు చేసి, పైకి లేచిన చోట తాడేసి కిందికి లాగి, ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి బిగించాలి. ఒక పక్క నుంచి వరసగా బిగించుకుంటూ పోయావో, మెలిక మళ్లీ అక్కడే.

తర్వాత ఫోకస్. అంచు నుంచి ఎదుటి అంచుకు అడ్డంగా తిన్నని కర్ర పెట్టి, దాని నుంచి మధ్య లోతు కొలువు. వెడల్పును వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని పదహారు లోతులతో భాగించు. 244 సెంటీమీటర్ల డిష్‌కి లోతు 40 ఉంటే ఫోకస్ 93 దగ్గర వస్తుంది. ఎల్‌ఎన్‌బికి ముందుండే గొట్టం, అదే ఫీడ్‌హార్న్, దాని నోరు అక్కడుండాలి, ఆ బిందువు నోటికి ఓ అర సెంటీమీటరు లోపల పడేలా. పాత డిష్‌లు కొన్నప్పుడు సగం మంది ఈ కొలత చూడనే చూడరు. రాడ్లు ఎంత పొడుగుంటే అంతే అనుకుంటారు.

రంగేస్తే మెరుపు లేని రంగు వెయ్యి. జాలీ కాబట్టి బ్రష్షుతో మందంగా పూయకు, స్ప్రే చాలు. మెరిసే రంగైతే మార్చిలో ఎల్‌ఎన్‌బి మూత కరుగుతుంది. మార్చి రెండో వారం చివర, మళ్లీ సెప్టెంబర్ ఆఖరులో మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా 83 డిగ్రీల ఉపగ్రహం వెనక్కి వస్తాడు. కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. జనం కేబులోణ్ణి తిట్టేవాళ్లు, నేను సూర్యుణ్ణి చూపించేవాణ్ణి. ఆ నిమిషాల్లోనే మేడెక్కి చూడు. ఎల్‌ఎన్‌బి నీడ డిష్ నడిమధ్య పడితే గురి సరిగ్గా ఉన్నట్టే. మీటరూ వద్దు, మొబైల్ యాప్ కూడా వద్దు.

5జికి 3700–4200 మధ్యే వదిలే ఫిల్టరు దొరుకుతుంది. ఫీడ్‌హార్న్‌కీ ఎల్‌ఎన్‌బికీ మధ్య పెట్టాలి. ఎల్‌ఎన్‌బి తర్వాత కేబుల్లో పెడితే ఉపయోగం లేదు, అప్పటికే లోపల ఉక్కిరిబిక్కిరైపోయి ఉంటుంది.

పటమట లెక్కల మాస్టారు:
సూత్రం సరే. నా మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఇంత చేసి ఏం చూస్తారు?

అజిత్‌సింగ్‌నగర్:
2024 సెప్టెంబర్‌లో బుడమేరు మా ఇళ్లల్లోకి వచ్చినప్పుడు కరెంటు లేదు, నెట్ లేదు, ఫోన్లో చార్జింగ్ అంతకన్నా లేదు. మా మేడ మీద ఫ్రీ డిష్, 12 వోల్టుల చిన్న టీవీ, పైకి మోసుకుపోయిన బైకు బ్యాటరీ. పూటకు పావుగంట వార్తలు పెట్టేవాళ్లం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని అందులోనే విన్నాం. చుట్టుపక్కల మేడల వాళ్లు కేకేసి అడిగేవాళ్లు, మేం కేకేసి చెప్పేవాళ్లం. డిష్ అంటే సరదా ఒక్కటే కాదండీ.

పటమట లెక్కల మాస్టారు:
మీ మాట నా లెక్కలోకే వచ్చింది. ఆ రోజు పనికొచ్చింది రెండడుగుల డిష్. ఎనిమిదడుగులది కాదు.

అజిత్‌సింగ్‌నగర్:
అదీ నిజమే. కానీ అంత వానలో కెయు-బ్యాండ్ బొమ్మ పోయి పోయి వచ్చింది. సి-బ్యాండ్‌కి వాన దెబ్బ తక్కువ అంటారు కదా.

బ్రాడీపేట కుర్రాడు:
మాస్టారూ, ఏం చూస్తారు అన్నారు. చూడకపోతే ఏం, వినచ్చు. ఆకాశంలో హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 1951లో మొదటిసారి పట్టుకున్నారు. తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. దానికి ఈ జాలీ రేకుతో సమానం, పైగా సెంటీమీటరు మెలికున్నా పట్టించుకోదు. టీవీకి పనికిరాని డిష్ పాలపుంతకు పనికొస్తుంది. ఎల్‌ఎన్‌బి తీసేసి డబ్బాతో చేసిన ఫీడు, ఒక మంచి ఆంప్లిఫయరు, కంప్యూటరుకు పెట్టి రేడియోలా వాడే ఎస్‌డీఆర్ డాంగిల్ ఉంటే చాలు. జాలీ అంటే పాత చింతకాయ పచ్చడి అనుకోకండి. పుణె దగ్గర జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, అన్నీ తీగల జాలీయే.

చిన్న డిష్‌లున్నవాళ్లకు ఇంకోటి: 25.9 డిగ్రీల తూర్పున ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం మీద హ్యామ్ రేడియో వాళ్ల, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల, ట్రాన్స్‌పాండర్ (వాళ్ల మాటలు అందుకుని మళ్లీ కిందికి పంపేది) ఉంది. వినడానికి మూడడుగుల డిష్ సరిపోతుంది. మన దగ్గర పడమటి దిక్కున కిందికి ఉంటుంది కాబట్టి ఎదురుగా అపార్ట్‌మెంట్ లేకపోతేనే. మాకైతే ఎదురుగా రెండు అపార్ట్‌మెంట్లున్నాయి.

కొత్తపేట కంట్రోల్‌రూమ్ (గుంటూరు):
నాకు పాలపుంత సంగతి తెలియదు బాబూ. కానీ ఆ డబ్బా ఫీడుకి కూడా ఆ 93 సెంటీమీటర్ల లెక్క తప్పదు కదా?

బ్రాడీపేట కుర్రాడు:
తప్పదు అంకుల్. ఫోకస్ డిష్‌ది, ఫ్రీక్వెన్సీది కాదు.

పటమట లెక్కల మాస్టారు:
హైడ్రోజన్ మాట నాకు నచ్చింది, దాచుకోను. నా పిల్లలకు చూపించే వస్తువు అది. అయినా గాలి సంగతిలో ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గను. మేడ మీద వద్దు.

సత్యనారాయణపురం మేడ:
నిన్న పొద్దున్నే దారాలు కట్టాను. మధ్యలో ఎడం రెండు సెంటీమీటర్లు వచ్చింది. నాకు నీరసం వచ్చింది, తమ్ముడికి హుషారొచ్చింది. కంట్రోల్‌రూమ్ అన్నగారు చెప్పినట్టు నలభై ఎనిమిది బోల్టులూ వదులు చేశాం. ఏడు తుప్పుతో విరిగాయి. ఉత్తరం వైపు రెండు ముక్కలు పైకి లేచి ఉన్నాయి. తాడేసి లాగమంటే గొణుక్కుంటూనే తమ్ముడే లాగాడు. బిగించి మళ్లీ చూస్తే ఎడం ఆరు మిల్లీమీటర్లు. లోతు 41 సెంటీమీటర్లు, అంటే ఫోకస్ 91 దగ్గర. కొలిస్తే ఫీడ్‌హార్న్ 97లో ఉంది! ఇన్నేళ్లూ ఆరు సెంటీమీటర్ల తప్పుతోనే చూశామన్నమాట. ‘మన డిష్‌లో గింజలు (బొమ్మ మీద చుక్కలు) కొంచెం ఎక్కువ’ అని నాన్నగారు ఎందుకనేవారో ఇప్పుడర్థమైంది.

తర్వాత స్టాండు కాళ్ల కింద చూశాను. నాలుగింటిలో రెండు శ్లాబులో లేవు, ఇటుకల మీద ఆనించి సిమెంటు రాశారంతే. మిచౌంగ్ నాడు అది లేవకపోవడం మా అదృష్టం, పక్కింటివాళ్ల అదృష్టం. మాస్టారూ, ఆ ఒక్క విషయంలో మీ మాటే నెగ్గింది. మేడ మీద నుంచి దించేస్తున్నాం, కొట్టుకు మాత్రం వేయడం లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు తీసేసిన చోట మూడడుగుల గొయ్యి తవ్వి, పైపు నిలబెట్టి కాంక్రీటు పోస్తాం. దక్షిణం వైపు ఖాళీగానే ఉంది. మేడ మీద సోలార్ తమ్ముడిది.

యాక్చుయేటర్ మోటారు తిరుగుతోందో లేదో చూడాలి. 36 వోల్టుల డీసీ సప్లై ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క ఆదివారానికి ఇస్తారా? సత్యనారాయణపురం నుంచి వచ్చి తీసుకెళ్తాను.

గవర్నర్‌పేట ఇల్లాలు:
మా ఇంట్లో మూడున్నాయి. ఒకటి తీసుకెళ్లండి, తిరిగి ఇవ్వక్కర్లేదు. మా ఆయనకు చెప్పకండి.