‘ది ట్రైన్’ (1964), బర్ట్ లాంకాస్టర్: రైల్వే ఇళ్లలో పెరిగినవాళ్లు ఒకసారి రండి

గుంతకల్లు క్వార్టర్స్
మొన్న ఆదివారం మా నాన్నకు ‘ది ట్రైన్’ చూపించాను. ఆయన 1974లో గుంతకల్లులో స్టీమ్ ఇంజిన్ల దగ్గర క్లీనర్‌గా చేరి, సెకండ్ ఫైర్‌మన్ (ఇంజిన్‌లో బొగ్గు వేసేవాడు), ఫస్ట్ ఫైర్‌మన్ అయ్యి, చివరికి డ్రైవర్‌గా రిటైరైన మనిషి. ఇంగ్లీషు సినిమా పెడితే పది నిమిషాలకు లేచి వరండాలోకి వెళ్లిపోతారు, అలాంటిది దీనికి రెండు గంటలకు పైగా కుర్చీలోంచి కదల్లేదు. మాటలు నేను చెబుతూ వచ్చాను, ఇంజిన్ దగ్గర జరిగేవన్నీ ఆయనే నాకు చెప్పారు.

చూడనివాళ్ల కోసం కథ కొంచెం చెప్తాను. 1944 ఆగస్టు, పారిస్ ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది, మిత్రదళాలు దగ్గరికి వచ్చేశాయి. కల్నల్ వాల్డ్‌హైమ్ (పాల్ స్కోఫీల్డ్) మ్యూజియంలోని గొప్ప గొప్ప పెయింటింగులన్నీ పెట్టెల్లో పెట్టించి, బండి కట్టించి జర్మనీకి తీసుకుపోవాలని చూస్తాడు. ఆ బండిని ఆపాల్సింది లబీష్ అనే రైల్వే ఇన్‌స్పెక్టర్, అంటే మన లాంకాస్టర్. బొమ్మల కోసం నా మనుషుల్ని పోగొట్టుకోలేనని మొదట అతను ఒప్పుకోడు.

ఆ బండి ఇంజిన్ బేరింగ్ (రాడ్ తిరిగే చోట ఉండే లోహపు తొడుగు) కరిగిపోయాక లబీష్ కొత్తది తయారుచేసే సీన్ ఉంది కదా, కరిగిన లోహాన్ని పోత పోసి, చల్లారాక సరిచేసి, రాడ్ ఎక్కిస్తాడు. నాన్న దాన్ని మూడుసార్లు వెనక్కి పెట్టమన్నారు. “ఈయన నిజంగా పనోడేరా, చేతులు చూడు” అన్నారు. నాకు ఈ సినిమా ఎందుకింత ఇష్టమో ఆ మాటతో తెలిసింది. మీ ఇళ్లలో ఎవరైనా చూసి ఉంటే రాయండి.

నంద్యాల మీటర్‌గేజ్
అన్నా, మంచి టాపిక్ పెట్టినావు. మా తాత కూడా ఫైర్‌మనే, గుంతకల్లు–నంద్యాల మీటర్‌గేజ్ (సన్న పట్టాల) లైన్లో వైపీ, వైజీ స్టీమ్ ఇంజిన్ల మీద చేసినాడు. నాకు ఆ ముసలి డ్రైవర్ పాపా బూల్ (మిషెల్ సిమోన్) అంటే ప్రాణం. ఆయిల్ పోయే దారిలో చిల్లర నాణేలు దూర్చేస్తాడు, ఆయిల్ అందక బేరింగ్ కాలిపోయి ఇంజిన్ ఆగిపోతుంది. పట్టుబడ్డాక ఆయన్ని కాల్చేస్తారు. బాంబు లేదు, తుపాకీ లేదు, నాలుగు నాణేలతో ఆర్మీ బండిని ఆపేశాడు. ఇంజిన్‌కు ప్రాణం ఎక్కడుందో తెలిసినవాడికే అది తడుతుంది.

ఇంకొకటి విమానం తరుముకొచ్చే సీన్. స్పిట్‌ఫైర్ (బ్రిటిష్ యుద్ధ విమానం) పైనుంచి కాలుస్తుంటే లబీష్ ఇంజిన్‌ను సొరంగం వైపు పరిగెత్తిస్తాడు, లోపలికి దూరాక అవతలి వైపు బయటపడకుండా బ్రేకేసి ఆపుతాడు. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమల సొరంగంలోకి బండి దూరినప్పుడు ఒక్కసారిగా చీకటై, పొగ లోపలికొచ్చి, కళ్లు మండి, అందరూ కిటికీలు దించేవాళ్లని అమ్మ చెప్పేది. ఆ సీన్ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

పెద్దాయన్ని ఒకటి అడుగు అన్నా. నాణేల పని నిజంగా జరిగేదేనా?

గుంతకల్లు క్వార్టర్స్
అడిగాను తమ్ముడూ. జరుగుతుందన్నారు. వాళ్ల ఇంజిన్లలో ఆయిల్ కప్పుల్లో ఊలు దారాలు పెట్టేవారట, వాటి వెంబడి ఆయిల్ కొద్దికొద్దిగా దిగుతుంది, అది ఆగిందంటే వైట్ మెటల్ (బేరింగ్ లోపలి మెత్తని లోహం) వేడెక్కి కరిగిపోతుందట. అందుకే స్టేషన్‌లో ఆగిన ప్రతిసారీ డ్రైవర్ ఆయిల్ క్యాన్ పట్టుకుని దిగి, చెయ్యి వెనక్కి తిప్పి బేరింగులు తాకి చూసుకునేవాడు. అరచెయ్యి కాలితే పార పట్టుకోలేరు, అందుకని. సినిమా చూస్తుంటే పాపా బూల్ నాణెం తీయగానే, నేను చెప్పకముందే “అయ్యో, వద్దు వద్దు” అన్నారు. శత్రువు బండి అని తెలిసినా ఇంజిన్‌ను పాడు చేయడం ఆయనకు మనసొప్పలేదు.

కర్నూలు పాత సినిమాలు
లాంకాస్టర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఆయన సినిమాల్లోకి రాకముందు సర్కస్‌లో పనిచేశాడు, స్నేహితుడు నిక్ క్రవాట్‌తో కలిసి కడ్డీల మీద విన్యాసాలు చేసేవాడు. 1913లో పుట్టాడు, అంటే ఈ సినిమా తీసేటప్పటికి యాభై. యార్డులో ఆ నిచ్చెన మీదనుంచి జారి దిగి, పట్టాల మీద పరిగెత్తి, కదులుతున్న ఇంజిన్ పట్టుకుని ఎక్కేది ఆయనే, డూపు కాదు, అంతా ఒకే షాట్‌లో కనిపిస్తుంది. నేను మొదటిసారి కర్నూల్లో హాస్టల్ గదిలో చిన్న ల్యాప్‌టాప్ మీద చూశాను, ఆ షాట్ దగ్గర పక్క మంచం మీద పడుకున్నవాడు కూడా లేచి కూర్చున్నాడు.

షూటింగ్ మధ్యలో సెలవు రోజున గోల్ఫ్ ఆడుతూ గుంతలో కాలు పడి మోకాలు దెబ్బతింది. డైరెక్టర్ ఫ్రాంకెన్‌హైమర్ ఏం చేశాడంటే, కథలో లబీష్ కాలికి గుండు తగిలినట్టు రాయించాడు. తర్వాత సినిమా అంతా ఆయన కుంటుతూనే కొండలెక్కి, బండికి అడ్డంగా పడి వెళ్లి, ఒక్కడే పట్టాలు ఊడదీస్తాడు. ఆ నొప్పి నిజమైనదని తెలిశాక ఆ చివరి అరగంట నేను ఇంకోలా చూశాను.

ఈ సినిమాకు మొదట అనుకున్న డైరెక్టర్ ఫ్రాంకెన్‌హైమర్ కాదు. మొదలుపెట్టింది ఆర్థర్ పెన్, కొద్ది రోజులకే తీసేసి, లాంకాస్టర్ ఈయన్ని పిలిపించాడు. ఇద్దరూ అప్పటికే ‘బర్డ్‌మన్ ఆఫ్ ఆల్కట్రాజ్’ చేసి ఉన్నారు. రైళ్లు ఢీకొనే చోట బొమ్మ రైళ్లు వాడలేదు, నిజం ఇంజిన్లనే ఢీకొట్టించారు. ఒకటి అనుకున్నదానికంటే వేగంగా వచ్చి కెమెరాలను కూడా తొక్కేసింది. ఆ బరువు తెర మీద తెలుస్తుంది. ఇప్పటి కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో వంద బండ్లు పేల్చినా నాకు ఆ బరువు కనపడదు.

తాడిపత్రి రైలు
నాది కొంచెం వేరే మాట, ఎవరూ కోప్పడొద్దు. లాంకాస్టర్ ఫ్రెంచివాడిలా నాకు అసలు అనిపించలేదు, పక్కన అందరూ ఫ్రెంచి యాసలో మాట్లాడుతుంటే ఆయన అచ్చంగా అమెరికన్ ఇంగ్లీషే. హోటల్ నడిపే క్రిస్టీన్ (జాన్ మొరో) ఉన్న భాగం కూడా ఆగిపోయినట్టు ఉంది. కానీ దొంగ స్టేషన్ల ఎత్తు మాత్రం అద్భుతం. దారిలో స్టేషన్ మాస్టర్లందరూ కలిసి పేరు బోర్డులు మార్చేస్తారు, బండిలో ఉన్న జర్మన్లు సరిహద్దు దాటామని సంతోషపడుతుంటారు, బండేమో చుట్టు తిరిగి ఫ్రాన్స్‌లోనే ఉంటుంది. మా బాబాయి స్టేషన్ మాస్టర్‌గా చేశారు. ఫోన్‌లో ఒక్క మాటతో తర్వాతి స్టేషన్‌లో పాయింట్లు (బండిని వేరే లైన్‌కు మళ్లించే పట్టాలు) మారడం, అడగకుండానే అవతలివాడికి అర్థం కావడం, రైల్వేలో ఆ నమ్మకం ఎలా ఉంటుందో ఆయన చెప్తుంటే విన్నాను. అందుకే ఆ సీన్లలో నాకు ఎక్కువ టెన్షన్ పుట్టింది.

ధర్మేంద్ర ఫ్యాన్ అనంతపురం
మాకు చిన్నప్పుడు రైలు సినిమా అంటే 1980 నాటి ‘ది బర్నింగ్ ట్రైన్’ ఒక్కటే. మీ పోస్టులు చూసి నిన్న రాత్రి ఇది చూశాను. బ్లాక్ అండ్ వైట్ అని ఇన్నాళ్లూ వదిలేశాను, తప్పు చేశాను. ఆవిరి, బొగ్గు, చెమట, అన్నీ ఆ నలుపు తెలుపులోనే బాగున్నాయి.

కడప డ్రాయింగ్ టీచర్
నేను పెయింటింగుల వైపు నుంచి రాస్తాను. సినిమాలో పెట్టెల మీద పేర్లు కనిపిస్తాయి: రెన్వా, సెజాన్, గోగాన్, పికాసో. లబీష్ ఆ బొమ్మలు ఒక్కసారి కూడా చూడలేదు. చివరికి పట్టాల పక్కన ఆ పెట్టెలు, పక్కనే జర్మన్లు కాల్చేసిన ఫ్రెంచి బందీల శవాలు. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు, మాట ఉండదు. నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నదాన్ని, “ఇంత విలువ ఉందా టీచర్” అని వాళ్లు అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను.

ఇది పూర్తిగా కల్పన కాదని తెలుసుకోండి. రోజ్ వలాన్ అనే ఆవిడ పారిస్‌లో ఆ మ్యూజియంలోనే పనిచేస్తూ, జర్మన్లు ఏ బొమ్మ ఎక్కడికి పంపుతున్నారో రహస్యంగా రాసిపెట్టుకున్నారు. ఆవిడ పుస్తకం ఆధారంగానే సినిమా మొదలైంది. నిజం బండి మాత్రం అంత దూరం పోలేదు, రైల్వేవాళ్లు ఆలస్యం చేయించడంతో పారిస్ చుట్టుపక్కలే ఉండిపోయి ఫ్రెంచి సైన్యం చేతికి చిక్కింది. రైళ్లు ఢీకొనడాలు సినిమావాళ్లు కల్పించుకున్నవి.

మన కడపలో బ్రౌన్ దొర బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకు పుస్తకాలు పోగుచేయించి, ప్రతులు రాయించాడు కదా. వేమన పద్యాలు అలా నిలిచాయి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా రోజ్ వలాన్ గుర్తొస్తారు. ఆ తాటాకుల కోసం ఎవరూ ప్రాణం పోగొట్టుకోలేదు, అందుకు మనం అదృష్టవంతులం. ప్రాణాలే ఇవ్వాల్సి వస్తే నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమా కూడా జవాబు చెప్పలేదు, అందుకే దాని మీద నాకు గౌరవం.

తాడిపత్రి రైలు
టీచరమ్మా, మీరు రాసింది చదివి ఆ చివరి సీన్ మళ్లీ చూశాను. వాల్డ్‌హైమ్‌ను కాల్చేశాక లబీష్ పెట్టెల వైపు తిరిగి కూడా చూడడు, కుంటుకుంటూ రోడ్డు పట్టుకుని వెళ్లిపోతాడు. యాస గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నడకకు యాసతో పనిలేదు.

గుంతకల్లు క్వార్టర్స్
అక్కా, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది బొమ్మల గురించి కాదు, పాపా బూల్ గురించి. “ఆయన ఇంట్లోవాళ్లకు ఏమైనా ఇచ్చారా?” అని. సినిమాలో అది చూపించలేదు నాన్నా అన్నాను. రాత్రి భోజనం దగ్గర మళ్లీ అడిగారు.

వచ్చే ఆదివారం మా వీధిలో ఇంకో ఇద్దరు రిటైర్డ్ డ్రైవర్లు వస్తామన్నారు. నంద్యాల తమ్ముడూ, తాతగారికి ఓపిక ఉంటే తీసుకురా. పొద్దున పది గంటలకు మొదలుపెడతాం. బేరింగ్ సీన్ దగ్గర ఎన్నిసార్లు ఆపాల్సి వస్తుందో తెలియదు కాబట్టి మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడే.