ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడికి ఈస్పోర్ట్స్ సంస్థ ఒప్పందం పంపింది: సంతకం పెట్టవచ్చా?

సుబేదారి మేనమామ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకుకు 17 ఏళ్లు. కాజీపేటలో ఉంటూ హన్మకొండలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. హైస్కూలు రోజుల నుంచి బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ ఆట ఆడుతున్నాడు. నిరుడు కరీంనగర్, మంచిర్యాల పిల్లలతో కలిసి నలుగురు జట్టు కట్టారు. అందులో వీడు ఐజీఎల్, అంటే ఎక్కడ దిగాలి, ఎప్పుడు కదలాలి, ఎవరితో తలపడకూడదు అన్నది ఆట నడుస్తుండగానే నిర్ణయించేవాడు. ఈ మధ్య ఒక ఆన్‌లైన్ పోటీలో వీళ్లు క్వాలిఫయర్లు దాటి కొంత దూరం వెళ్లడంతో, వేరే రాష్ట్రంలోని ఒక ఈస్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) సంస్థ జట్టులో నుంచి వీడిని ఒక్కడినే పిలిచి ఒప్పంద పత్రం పంపింది. మూడేళ్లు వాళ్ల జట్టుకే ఆడాలి, వాళ్లు చూపించిన ఇంట్లో ఉండి సాధన చేయాలి, బహుమతి సొమ్ములో వాటా ఇవ్వాలి, మధ్యలో మానేస్తే పెద్ద మొత్తం కట్టాలి. తండ్రి సంతకం కావాలంటున్నారు.

మా బావ రైల్వేలో పనిచేస్తారు. ఆయన దృష్టిలో ఇదంతా ఫోన్ పిచ్చి. అక్క ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది. వాడు మాత్రం నా దగ్గరికి వచ్చి, "మామా, చదరంగం ఆడే ఇరిగేశి అర్జున్ మన ఊరివాడే కదా, ఆయన కూడా ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో ఆడాడు కదా, మరి నేను ఆడితే తప్పేమిటి?" అని అడిగాడు. వాడి ఆటలో నిజంగా సత్తా ఉందా లేదా అన్నది బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? అర్జున్‌తో ఈ పోలిక ఎంతవరకు సరైనది? ఆ పత్రం మీద సంతకం పెట్టవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కరీంనగర్ మాజీ ఆటగాడు

మేనమామ గారూ, ముందుగా మీరు ర్యాంకును పక్కన పెట్టండి. పిల్లలు ఇంట్లో గొప్పగా చూపించేది కాంకరర్ అనే హోదాను. సర్వర్‌లో పై 500 మందికి మాత్రమే అది దక్కుతుంది కాబట్టి చిన్న విషయమేమీ కాదు, కానీ సీజన్ మారితే మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఓపికగా ఎక్కువ గంటలు ఆడేవాడికీ, జాగ్రత్తగా దాక్కుని ఆడేవాడికీ అది అందుతుంది. జట్లు చూసేది దాన్ని కాదు.

పోటీలో 16 జట్లు, 64 మంది ఒకే మ్యాప్‌లో దిగుతారు. చివరిదాకా నిలిచిన జట్టుకు 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడోదానికి 5, అక్కడి నుంచి తగ్గుతూ ఎనిమిదో స్థానానికి 1. ఆ తర్వాత సున్నా. దీనికి తోడు పడగొట్టిన ప్రతి ఆటగాడికీ ఒక పాయింటు. అందువల్ల ఒక్క మ్యాచ్‌లో మెరిసిన జట్టు కాక, ఒక్కోటి అరగంట చొప్పున వరుసగా ఆరు మ్యాచ్‌లు ఆడిన రోజున ప్రతిదానిలోనూ కొంత కొంత కూడబెట్టిన జట్టు పైకి వస్తుంది. మీవాడు ఐజీఎల్ అన్నారు కనుక వాడి సొంత ఫినిష్‌లను, అంటే వాడు పడగొట్టినవారిని, లెక్కపెట్టవద్దు. వాడు నడిపించిన మ్యాచ్‌ల పాయింట్ల పట్టికలు తెప్పించుకుని, జోన్ (ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే సురక్షిత వలయం) తమకు దూరంగా పడ్డ మ్యాచ్‌లలో జట్టు ఏ స్థానంలో ముగిసిందో చూడండి. జోన్ కలిసి వచ్చినప్పుడు ఎవరైనా గెలుస్తారు; ఎదురు తిరిగినప్పుడు రెండు జట్ల మధ్య నుంచి నలుగురినీ ప్రాణాలతో దాటించగలిగినవాడే ఐజీఎల్. వీలైతే ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని జట్టు మాటలు వినండి. ఓడిన మ్యాచ్ తర్వాత వాడు తిడుతున్నాడా, లేక రికార్డింగ్ పెట్టి ఎక్కడ ఆలస్యమైందో చూపిస్తున్నాడా అన్నది గమనిస్తే, ఆట తెలియనివారికి కూడా చాలా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. వేరే రాష్ట్రాల ఆటగాళ్లు కలిసిన జట్లలో మాటలన్నీ హిందీలోనే, అదీ సెకనులో సగం వ్యవధిలో నడుస్తాయి. మన వైపు పిల్లలకు బజారులో అబ్బిన హిందీ ఉంటుంది కాబట్టి ఆడేవాడికి ఇబ్బంది లేదు, కానీ ఆజ్ఞలిచ్చే ఐజీఎల్‌కు అది చాలదు. నా దారి ముగిసిన చోటు అదే.

అంటే ఇది ఉత్త భ్రమ అని నేను అనడం లేదు. 2024 జూన్ చివర్లో బీజీఎంఐ పెద్ద పోటీ అయిన బీజీఐఎస్ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి; మొత్తం బహుమతి 2 కోట్లు, గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. ఆ వేదిక మీది 16 జట్ల వెనుక, బహిరంగ క్వాలిఫయర్లలో మొదటి వారమే ఇంటిదారి పట్టిన వేల జట్లు ఉంటాయన్నది మాత్రం బావగారికీ, మీవాడికీ ఇద్దరికీ చెప్పండి.

హన్మకొండ చదరంగ అభిమాని

అర్జున్ పోలిక గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ మాట ఈ మధ్య మా వీధిలో కూడా చాలాసార్లు విన్నాను. మీ మేనల్లుడు చెప్పిన విషయం నిజమే. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో తొలిసారి చదరంగాన్ని చేర్చారు. అర్జున్ దక్షిణ కొరియాకు చెందిన జెన్.జి సంస్థ తరఫున ఆడి, సెమీఫైనల్లో ఫిరూజా చేతిలో, మూడో స్థానం కోసం నకమురా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాడు. కార్ల్‌సన్ గెలిచాడు. పది నిమిషాల గడియారం, ఎత్తు వేసినందుకు అదనపు సెకన్లు ఉండవు, ఎదుటివాడు అదే వేదిక మీద కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. కాబట్టి ఈస్పోర్ట్స్ అనే మాట అక్కడ ఊరికే తగిలించింది కాదు.

అయితే అర్జున్ ఆ వేదిక మీదికి ఏ దారిన వచ్చాడో చూడాలి. 2018లో, 15 ఏళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో జట్టు స్వర్ణంతో పాటు మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం కూడా తెచ్చాడు. అదే ఏడాది డిసెంబరు రేటింగ్ జాబితాలో 2801తో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. క్వాంట్‌బాక్స్ సంస్థ అయిదేళ్లకు 15 లక్షల డాలర్ల మద్దతు ప్రకటించింది కూడా 2024లోనే, అంటే గ్రాండ్‌మాస్టర్ అయిన ఆరేళ్లకు. ఈ దారి పొడుగునా అతడి స్థాయి ఏమిటన్నది ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నెలనెలా ప్రకటించే ఒక అంకె రూపంలో ప్రపంచం ముందు ఉంది. పేరున్న సంస్థ అతడిని పిలిచినప్పుడు ఎవరు ఎవరికి ఏమి ఇస్తున్నారన్నది ఇరువైపులా స్పష్టం. మీవాడి విషయంలో అటువంటి అంకె లేదు. ఉన్నది ఆ సంస్థ వేసుకున్న అంచనా మాత్రమే.

రెండో తేడా నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. చదరంగం ఎవరి సొత్తూ కాదు. బీజీఎంఐ క్రాఫ్టన్ అనే కంపెనీది, దాన్ని ఆడేవాడు కౌలు భూమిలో సేద్యం చేసే రైతు వంటివాడు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. 2022 జులైలో దాన్ని కూడా యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. 2023 మేలో గాని తిరిగి రాలేదు. చేతిలో విద్య ఉండి కూడా, తాము చేయని పనికి, ఎందరో కుర్రవాళ్లు ఆ నెలలన్నీ ఖాళీగా కూర్చున్నారు. ఒప్పందంలో ఆట ఆగిపోతే నెల జీతం వస్తుందా రాదా అన్న వాక్యం ఉందో లేదో వెతకండి.

జూనియర్ కళాశాల అధ్యాపకుడు

పైవారు చెప్పినవి బాగున్నాయి గాని, నాకు ఇందులో చర్చించవలసినది ఇంత కనిపించడం లేదు. పబ్లిక్ పరీక్షలకు ముందు రెండో సంవత్సరం విద్యార్థిని వేరే రాష్ట్రానికి పిలుచుకునే సంస్థ అతడి మంచి కోరేది కాదు. పరీక్ష రాసిన తర్వాత రమ్మనమని చెప్పండి. వాళ్లకు నిజంగా వాడే కావాలంటే ఆగుతారు.

వరంగల్ న్యాయవాది

సంతకం గురించి అడిగారు కనుక అంతవరకే చెబుతాను. 1872 నాటి ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు; అటువంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ కాలపు పై కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. తండ్రి సంతకం పెడితే సరిపోతుందని వాళ్లు అంటారు. సినిమాలో వేషం కోసం మైనరు బాలిక తరఫున తండ్రి చేసుకున్న ఒప్పందం మీద ఆ బాలిక దావా వేస్తే, అది అమలు కాదని బొంబాయి హైకోర్టు 1949లో తీర్పు ఇచ్చింది. ఇప్పుడు సంతకం పెడితే మీవాడి మీద భారం పడుతుందేమోనని మీరు భయపడుతున్నారు. నా భయం వేరు: వాడు ఏడాదంతా ఆడి, వాళ్లు జీతం ఎగ్గొడితే, ఆ పత్రం పట్టుకుని కోర్టుకు వెళ్లినా ఫలితం ఉండకపోవచ్చు. పద్దెనిమిది నిండాక వాడే స్వయంగా, కొత్తగా సంతకం చేయడం ఇద్దరికీ క్షేమం.

అప్పుడు కూడా చూడవలసినవి ఉన్నాయి. మధ్యలో మానేస్తే కట్టాలన్న మొత్తం, వాళ్లు మీవాడి మీద పెట్టిన ఖర్చుకు ఏమాత్రం పోలిక లేకుండా ఉంటే దాన్ని తగ్గించమని పట్టుబట్టండి. గడువు ముగిసిన తర్వాత కూడా వేరే జట్టుకు ఆడరాదనే షరతు ఉంటే అది 27వ సెక్షన్ కింద చెల్లదు, అయినా కొట్టివేయించండి. బహుమతి సొమ్ము నిర్వాహకుల నుంచి నేరుగా ఎవరి ఖాతాకు వస్తుంది, ఎన్ని రోజుల్లో పంచుతారు అన్నది అంకెలతో రాసి ఉండాలి. మైనరు ఆదాయాన్ని సాధారణంగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు గాని, తన నైపుణ్యంతో సంపాదించినదాన్ని కలపరు; బావగారి పన్ను గురించి ఆ దిగులు అక్కరలేదు.

డబ్బు పెట్టి ఆడేది జూదం కాదా అని పెద్దలు అడగవచ్చు. మన రాష్ట్రం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, ఈస్పోర్ట్స్‌ను విడిగా పోటీ క్రీడగా గుర్తించింది. పోటీలో చేరడానికి రుసుము, గెలిస్తే బహుమతి ఉండవచ్చు, పందెం ఉండకూడదు. చిన్న చిన్న గ్రూపుల్లో నలుగురి దగ్గర వసూలు చేసి గెలిచినవాడికి ఇచ్చే రోజువారీ ఆన్‌లైన్ ఆట గదులకు మాత్రం మీవాడిని దూరంగా ఉంచండి.

సుబేదారి మేనమామ

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని బావగారి దగ్గర కూర్చున్నాను. ప్రివీ కౌన్సిల్ మాట కంటే పాయింట్ల పట్టికలే ఆయనకు ఎక్కువ నచ్చాయి. రైల్వే మనిషి కదా, ఆలస్యానికి కారణం చూపించే కాగితం అంటే ఆయనకు గౌరవం. వాడు కూడా జోన్ దూరంగా పడ్డ మ్యాచ్‌లు ఏరి చూపించాడు. వాటిలో సగానికి పైగా జట్టు మొదటి ఎనిమిది స్థానాల్లోనే ఉంది. పద్దెనిమిది నిండేవరకు సంతకం లేదని సంస్థకు చెప్పాం. ఈలోగా ఇంటి నుంచే వాళ్ల జట్టుతో స్క్రిమ్స్ (సాధన మ్యాచ్‌లు) ఆడమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

కరీంనగర్ మాజీ ఆటగాడు

ఒప్పుకోవచ్చు గాని ఒక ప్రశ్న అడిగిన తర్వాత. 18 నిండనివారికి బీజీఎంఐలో రోజుకు 3 గంటల పరిమితి ఉంది. స్క్రిమ్స్ అంతకంటే ఎక్కువసేపు నడిస్తే మీవాడిని ఎలా ఆడిస్తారని అడగండి. వేరే పెద్దవాళ్ల ఐడీతో ఆడించేస్తామంటే అక్కడితో ఆపేయండి, ఎందుకంటే అది బయటపడిన రోజున పోయేది వాళ్ల జట్టు కాదు, మీవాడి పేరు. పరిమితి లోపలే, వారంలో కొన్ని రోజులు, పరీక్షల నెలలో పూర్తిగా సెలవు అంటే మంచిదే. ఆ మాటను వాళ్ల చేత మెయిల్‌లో రాయించుకోండి, బావగారికి కూడా ఒక ప్రతి వెళ్లేటట్లు చూడండి.