అరిగిన డిస్కుకు జీన్ థెరపీ: మనుషుల మీద ట్రయల్స్ ఎప్పుడు?

రాత్రిబస్సు: 2024లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చిట్టెలుకల వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కుల్లోకి ఫాక్స్‌ఎఫ్1 అనే జన్యువు ఎక్కిస్తే అరిగిన డిస్కు కోలుకుంది, నొప్పీ తగ్గింది. జన్యువును మోసుకెళ్లడానికి వైరస్ కూడా వాడలేదు. ఇంకా దేనికి ఆగడం?

పైపెట్: ఇది నిన్నటి ముచ్చట కాదండీ. 1999లోనే పిట్స్‌బర్గ్‌లో నిషిదా అనే పరిశోధకుడి బృందం అడినోవైరస్ అనే వైరస్‌తో టీజీఎఫ్-బీటా1 అనే జన్యువును కుందేలు డిస్కులోకి పంపింది. డిస్కులో నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్ల తయారీ రెట్టింపయింది. ఆ ఫలితం ఇంకా మందుగా బయటికి రాలేదు. మొదటి చిక్కు జన్యువు ఎక్కించడానికి డిస్కులోకి గుచ్చే సూదే. కుందేలు డిస్కును కావాలని పాడుచెయ్యడానికి ల్యాబుల్లో వాడేదీ సూదే.

రాత్రిబస్సు: నాకు నడుముకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు, ఏమీ కాలేదు.

పైపెట్: అది డిస్కు బయట. లోపల గుచ్చితే ఏమవుతుందో 2009లో కారగీ బృందం చూపించింది. డిస్కోగ్రఫీ, అంటే డిస్కులోకి సూదితో రంగుమందు ఎక్కించి చేసే పరీక్ష, చేసిన డిస్కుల్లో పదేళ్లకు 35 శాతం మరింత అరిగాయి, చేయనివాళ్లలో 14 శాతమే.

గోదారోడు: సూది లావుదేమో?

పైపెట్: సన్నదే.

రాత్రిబస్సు: వాళ్లు గుచ్చింది బాగున్న డిస్కుల్లో. నాది ఎలాగూ పోయింది కదా!

చిల్లరశ్రీను: ముందు రేటు సంగతి చూడండి. జోల్జెన్‌స్మా అని పసిపిల్లల కండరాల జబ్బుకిచ్చే జీన్ థెరపీ మందు, ఒక్క డోసు 2019లో అమెరికాలో 21 లక్షల డాలర్లు. మనం సూది దగ్గరే కొట్టుకుంటున్నాం.

పైపెట్: సరే, సూది వదిలేద్దాం. డిస్కు అరిగితే నొప్పి వచ్చి తీరాలని లేదు. 2015లో వచ్చిన సమీక్ష ప్రకారం, నొప్పే లేనివాళ్లను స్కాన్ చేస్తే 20 ఏళ్ల వయసులో 37 శాతం మందికి, 80లో 96 శాతం మందికి అరుగుదల కనిపించింది. డిస్కు బాగుపడినా మీ నొప్పి ఉండిపోవచ్చు.

రాత్రిబస్సు: ఇదీ అసలు సంగతి! డిపో పంపిన డాక్టరూ అచ్చం ఇలాగే, నీ వయసులో అందరికీ ఉంటుందయ్యా అని లైట్ డ్యూటీ రాయలేదు. క్లచ్ తొక్కినప్పుడల్లా ఎడమ పిర్ర నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. సీటు కింద దిండు పెట్టుకుని, నడుం పట్టీ బిగించి తెల్లవార్లూ నడుపుతాను. మీ శాతాల్లో నేనెక్కడున్నాను?

పైపెట్: మీ నొప్పి అబద్ధమని నేనెక్కడ అన్నాను? మీరు చెప్పేది నరం నొక్కుకుంటే వచ్చే సయాటికాలా ఉంది. ఈ ప్రయోగాలు డిస్కు అరుగుదల మీద. ఎవరి నొప్పి డిస్కులోంచే వస్తోందో తేల్చకుండా ట్రయల్ పెడితే రిస్కు మీకు, పరిశోధన పత్రం పేరు వాళ్లకు.

రాత్రిబస్సు: తేల్చడానికి ఇంకో పాతికేళ్లా? ఒప్పుకుని సంతకం పెట్టేది నేను. రిస్కు లెక్క మీరెందుకు వేస్తారు?

పైపెట్: డోసు తప్పుచోట పడ్డ కుందేళ్లకు వెనక కాళ్లు చచ్చుబడ్డాయి, అందుకు. అది సరే, కాలు మొద్దుబారుతోందా? మూత్రం పట్టు తప్పుతోందా? అలా ఉంటే ఈ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

రాత్రిబస్సు: లేదు. మాట మార్చకండి.